మడత చాకులు పోగేసేవారికి: కొనడం, దాచడం, వెంట తీసుకెళ్లడం

చాకు కొనడానికి బయల్దేరేటప్పుడు ఆరంగుళాల స్టీలు స్కేలు ఒకటి జేబులో వేసుకోండి. కంటికి చిన్నదిగా కనిపించిన చాకు కొలిచేసరికి అంగుళం ఎక్కువ తేలడం మామూలే. చాకు తెరిచి, పిడి అయిపోయిన చోట సున్నా ఆనించి మొన దాకా తిన్నగా కొలవండి. అది అలుగు పొడవు. తర్వాత అలుగు బాగా వెడల్పుగా ఉన్నచోట వెన్ను నుంచి వాదర (పదునుండే అంచు) దాకా కొలవండి. రెండంకెలూ నోటుపుస్తకంలో రాసుకోండి. చట్టం ముందు చూసేవి ఇవే.

1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల్లో కత్తులకు ఒక గీత గీశారు. అలుగు 9 అంగుళాలకు మించి పొడవున్నా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా అది లైసెన్సు లెక్కలోకి వచ్చే ఆయుధం. ఇంటిపనికీ, సేద్యానికీ, శాస్త్ర పరిశోధనకీ, పరిశ్రమకీ తయారైనవాటిని ఆ లెక్కలోంచి తీసేశారు. కాబట్టే వంటింటి కత్తిపీటకీ, పొలంలో కొడవలికీ ఎవరూ లైసెన్సు అడగరు. ఈ గీత దగ్గర తరచూ దొరికిపోయేది నేపాలీ కుక్రీ. పొడవు సరిపోయిందని కొంటారు, బొజ్జ దగ్గర వెడల్పు రెండంగుళాలు దాటేస్తుంది.

మడత చాకు సాధారణంగా తొమ్మిదంగుళాల దాకా వెళ్లదు కాబట్టి ఇక భయం లేదనుకుంటే పొరపాటు. ఇదే చట్టంలోని 4వ సెక్షన్, ఫలానా ప్రాంతంలో ఫలానా రకం కత్తులకు కూడా లైసెన్సు కావాలని గెజిట్‌లో ప్రకటించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. ఢిల్లీలో 1980 నుంచి ఉన్న ప్రకటన చూడండి. బటన్, స్ప్రింగు, గరారీ (పళ్లుండే బిగింపు) లాంటి ఏర్పాటుతో తెరుచుకునే చాకుల అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, ఆంక్షల కిందికి వస్తాయి. తొమ్మిదంగుళాలెక్కడ, మూడంగుళాలెక్కడ! ఇక్కడ ఆంధ్రలో కొని ఢిల్లీకి సూట్‌కేసులో పట్టుకెళ్తే ఊరు మారేసరికి లెక్కా మారిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి ఒకటే సలహా: బటన్ నొక్కితే టపీమని తెరుచుకునే చాకును, రాంపురీ అయినా చైనా సరుకైనా, మీ పెట్టెలోకి రానివ్వకండి. దాన్ని పండు కోయడానికి కొన్నానంటే ఏ కానిస్టేబులూ నమ్మడు.

ఏ వరస పట్టుకోవాలి

కనబడ్డ చాకల్లా కొంటే రెండేళ్లకు సొరుగు నిండుతుంది తప్ప సేకరణ అవదు. ఒక వరస ఎంచుకోండి. స్విస్ చాకులైతే విక్టోరినాక్స్‌లో పిడి పొడవును బట్టే కుటుంబాలున్నాయి: తాళంచెవుల గుత్తికి తగిలించుకునే 58 మిల్లీమీటర్లు, జేబుకు సరిపోయే 84, 91, అల్యూమినియం పిడి ఉన్న 93, చేతినిండా పట్టే 111. వాళ్ల ఆఫీసర్ చాకుకు 1897లో హక్కులు నమోదయ్యాయి. 91 మిల్లీమీటర్లలోనే పనిముట్ల కూర్పు మార్చి బోలెడు రకాలు చేశారు కాబట్టి ఒక్క కొలత పట్టుకున్నా జీవితకాలం సరిపోతుంది. స్విట్జర్లాండ్‌లోనే పుట్టిన వెంగర్ కంపెనీని 2005లో విక్టోరినాక్స్ కొనేసింది, తర్వాత ఆ పేరుతో చాకులు ఆగిపోయాయి. పాత వెంగర్ కనబడితే వదలొద్దు.

ఫ్రెంచి ఒపినెల్ ఇంకో మంచి వరస. 1890 నాటి రూపం ఇప్పటికీ పెద్దగా మారలేదు. చెక్క పిడి, ఒకే అలుగు, మెడ దగ్గర తిప్పితే బిగిసే ఉంగరం. ఆ ఉంగరం 1955లో వచ్చింది. 8వ నంబరు అలుగు 8.5 సెంటీమీటర్లు. ధర తక్కువ, చేతికి ముచ్చటగా ఉంటుంది. కాకపోతే కృష్ణ ఒడ్డున ఆ చెక్కతో వచ్చే తంటా వేరే ఉంది, కింద చెబుతాను.

దేశవాళీ చాకుల్ని చిన్నచూపు చూడకండి. విజయవాడ వన్‌టౌన్‌లోనూ, గుంటూరు పట్నంబజారులోనూ పాత హార్డ్‌వేర్ కొట్ల వెనక అరల్లో ఇత్తడి పిడి చాకులు, కొమ్ము పిడి చాకులు అప్పుడప్పుడు బయటపడతాయి. పిడి దేంతో చేశారో మాత్రం అడిగి తెలుసుకోండి. గేదె కొమ్ముకు ఇబ్బంది లేదు. దంతమైనా, కడితి కొమ్ము, జింక కొమ్ము అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. ఎంత పాతదని చెప్పినా, ఎంత చవగ్గా ఇస్తానన్నా అక్కడే పెట్టేసి వచ్చేయండి.

కొట్లో చూడాల్సినవి

ముందు చాకును మూసి ఉంచే వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. వెన్ను స్ప్రింగుకూ పక్క రేకులకూ మధ్య సందులోంచి వెలుగు కనబడితే బిగింపు సరిగా లేనట్టు. తర్వాత మెల్లగా తెరవండి. మంచి చాకు సగంలో కాస్త బరువుగా అనిపించి, చివర ‘టక్’మని గట్టిగా కూర్చుంటుంది. మెత్తగా, చప్పుడు లేకుండా జారిపోయిందంటే స్ప్రింగు అలిసిపోయింది. తెరిచాక మొనను రెండు వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ కదపండి. వెంట్రుకవాసి కదలిక పాతవాటిలో ఉంటుంది, క్షమించవచ్చు. పైకీ కిందికీ ఊగితే మాత్రం వద్దు. అది బిగించి బాగుచేసే జబ్బు కాదు, ఇరుసు రంధ్రమే అరిగిపోయింది.

మూసినప్పుడు మొన పిడిలోంచి తొంగిచూస్తోందా? ఏళ్ల తరబడి సానపెట్టి అలుగును అరగదీశారన్నమాట. అలాంటిది జేబులో వేసుకుంటే తొడలో దిగుతుంది. లాక్ ఉన్న చాకైతే తెరిచి, మొద్దు వెన్ను వైపున అరచేత్తో రెండుమూడుసార్లు తట్టండి, వేళ్లు మూసుకునే దారిలో లేకుండా చూసుకుని. జారి మూసుకుపోయే లాక్, అసలు లాక్ లేకపోవడం కంటే ప్రమాదం.

నకిలీ స్విస్ చాకుల్ని పట్టుకోవడానికి పెద్ద అలుగు మొదలు చూడండి. అసలు దానిమీద కంపెనీ పేరు, స్విస్ మేడ్, స్టెయిన్‌లెస్ అన్న అక్షరాలు సన్నగా, లోతు సమంగా ఉంటాయి. నకిలీలో అక్షరాలు పూసినట్టు, అలికినట్టు ఉంటాయి. పిడిలోంచి పళ్లపుల్ల, చిమటా లాగి మళ్లీ తోయండి. వదులుగా ఊడిపడినా, గుద్దితే తప్ప దూరకపోయినా అనుమానించండి. బిల్లు తప్పక తీసుకోండి. దాని పని చివర్లో పడుతుంది.

ఇంటికి తెచ్చాక

కొట్లో ఏళ్ల తరబడి పడున్న చాకులో దుమ్మూ నూనే కలిసి నల్లటి జిగురవుతాయి. ప్లాస్టిక్ లేదా లోహపు పిడి ఉన్నదాన్ని గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం వేసి, నీళ్లలోనే పది పదిహేనుసార్లు తెరిచి మూయండి. నీళ్లు మురికిగా మారడం కనబడుతుంది. మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, అన్ని అలుగులూ సగం తెరిచి ఫ్యాను కింద ఒక పూట ఉంచండి. చెక్క, ఎముక, కొమ్ము పిడుల్ని నీళ్లలో నానబెట్టకూడదు, బీటలిస్తాయి. వాటికి తడిగుడ్డ, పళ్లపుల్ల చాలు.

ఆరాక ఇరుసు దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. రెండో చుక్క వేశారంటే దుమ్ము పట్టడానికే. కొబ్బరినూనె, వంటనూనె ముట్టుకోకండి. నెలలు గడిచేకొద్దీ గట్టిపడి బంకలా మారి చాకు తెరుచుకోదు. మామిడిపండు కోసుకునే చాకైతే కుట్టుమిషన్ నూనెకు బదులు మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ వాడండి.

పదును పెట్టడానికి సైకిలుమీద తిరిగే సానవాడికి ఇవ్వొద్దు. అతను మంచి పనివాడే, మీ కత్తిపీట అతనికే ఇవ్వండి. కానీ మడత చాకు అలుగు పలచన. చక్రం మీద నిప్పురవ్వలు లేచేటప్పుడు వాదర వేడెక్కి నీలిరంగు తేలితే అక్కడ ఉక్కు దాదాపు 300 డిగ్రీలు చూసినట్టు. గట్టిదనం పోతుంది, ఆ తర్వాత ఎంత నూరినా పదును నాలుగు రోజులుండదు. పైగా చక్రం గీతలు పడ్డ చాకును ఇంకో సేకరణకర్త కొనడు.

ఇంట్లోనే చేసుకోండి. 1000 గ్రిట్ (రాయి ఎంత నునుపో చెప్పే అంకె) నీటిరాయి, అంటే తడిపి నూరే సానరాయి, కొని పది నిమిషాలు నీళ్లలో నాననివ్వండి. హార్డ్‌వేర్ కొట్లో దొరికే కార్బొరండం రాయి గరుకు వైపు ఈ అలుగులకు మరీ మోటు. అసలు చిక్కు కోణం దగ్గరే. వైపుకు 15 నుంచి 20 డిగ్రీలు ఉండాలి. డిగ్రీలు కంటికి కనబడవు కాబట్టి కొలత ఇలా పట్టుకోండి: అలుగు వెడల్పు 12 మిల్లీమీటర్లయితే రాయి మీద నుంచి వెన్ను 3 నుంచి 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఇప్పటి రూపాయి బిళ్లలు మూడు దొంతరగా పెడితే ఇంచుమించు ఆ పై ఎత్తు వస్తుంది. బిళ్లల మీద వెన్ను ఆనించి చేతికి ఆ వాలు అలవాటు చేసి, బిళ్లలు తీసేసి నూరండి.

ఒక వైపే, వాదర ముందుండేలా, రాతిమీంచి పలచటి పొర కోస్తున్నట్టు తోయండి. పది తోపుల తర్వాత ఆగి, రెండోవైపు బొటనవేలు మెత్తటి భాగంతో వెన్ను నుంచి వాదర బయటికి అడ్డంగా మెల్లగా జరపండి. వాదర వెంబడి కాదు, తెగుతుంది. సన్నటి గరుకు తగలాలి, ఉతికిన చొక్కా కాలర్ మీద లేచిన నూలుపోగు తగిలినట్టు. అది మడమ (పిడి వైపు కొస) నుంచి మొన దాకా తగిలేవరకు వైపు మార్చొద్దు. పదును రాలేదని చెప్పేవాళ్లలో చాలామంది ఈ గరుకు రాకముందే తిప్పేసినవాళ్లే. రెండోవైపూ అంతే చేసి, తర్వాత బరువు తగ్గిస్తూ అటొకటి ఇటొకటిగా పది తోపులు. చివర పాత తోలు బెల్టు లోపలి వైపున, వాదర వెనక ఉండేలా లాగండి. పత్రిక కాగితం అంచున పెడితే చప్పుడు లేకుండా తెగాలి.

పెట్టెలో దాచుకునే కొత్త చాకులకు మాత్రం పదును పెట్టకండి. ఫ్యాక్టరీ వాదర చెక్కుచెదరకుండా ఉన్నదానికే విలువ.

అసలు శత్రువు తుప్పు

విజయవాడ, గుంటూరుల్లో సేకరణల్ని పాడుచేసేది దొంగా కాదు, పోలీసూ కాదు, గాలిలో తేమ. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని కాదు, ఆలస్యంగా పడుతుందని. డీ2 అనే ఉక్కులో దాదాపు 12 శాతం క్రోమియం ఉన్నా, అందులో చాలాభాగం కార్బన్‌తో కలిసి గట్టిపడిపోతుంది. తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. అమ్మేవాళ్లు దాన్నీ స్టెయిన్‌లెస్ గాటనే కట్టేస్తుంటారు. జూన్ నుంచి నవంబరు దాకా డీ2, కార్బన్ ఉక్కు చాకుల్ని పదిహేను రోజులకోసారి తీసి తుడవాల్సిందే.

కార్బన్ ఉక్కుతో ఆవకాయ ముక్కలు కోశారనుకోండి, పది నిమిషాల్లో అలుగు బూడిదరంగు తిరుగుతుంది. అది తుప్పు కాదు. పులుపుకు పట్టిన పొర, ఉంటే మంచిదే, కింద ఉక్కును కాస్త కాపాడుతుంది. గోధుమరంగు పొడిలా వేలికి అంటేదే తుప్పు. అది కనబడ్డ రోజే ఒక చుక్క నూనె వేసి, పాత బనియన్ గుడ్డతో గట్టిగా రుద్దండి. చాలకపోతే వంటసోడా ముద్ద. గరుకు కాగితం వాడితే తుప్పుతోపాటు మెరుగూ, అక్షరాలూ పోతాయి. లోతుగా తిన్న గుంటలు పోవు, వాటిని అలాగే వదిలేయండి.

తోలు ఒరలో పెట్టి దాచడం అందరూ చేసే తప్పు. కొత్తగా కొన్నప్పుడు ఒరలోనే వస్తుంది కదా, అందులోనే ఉంచేస్తారు. తోలు తేమ పీల్చుకుని వదలదు, తోలు పదును చేసిన రసాయనాలు దానికి తోడు. 1964 నుంచి వస్తున్న బక్ 110 లాంటి ఇత్తడి బుడిపెల చాకునైతే ఒక్క వానకాలం ఒరలో వదిలేస్తే చాలు, ఇత్తడంతా పచ్చగా చిలుము కట్టి తోలుకు అంటుకుంటుంది. ఒర వేరే, చాకు వేరే పెట్టండి.

మూత బిగుసుకునే ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో 50 గ్రాముల సిలికా జెల్ చాలు. నీలంరంగు గింజలు గులాబీరంగుకు తిరిగితే తేమతో నిండినట్టు, ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. బియ్యం పోయకండి, పురుగు తప్ప లాభం లేదు. డబ్బాను బీరువాలో మధ్య అరలో పెట్టి తాళం వేయండి. తాళం తేమ కోసం కాదు, పిల్లల కోసం. పాతకాలం సెల్యులాయిడ్ పిడి చాకు ఉంటే దాన్ని ఈ డబ్బాలో అసలు పెట్టొద్దు. ఆ పదార్థం పాతబడేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, పక్కనున్న చాకులన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. గాలి ఆడేచోట విడిగా ఉంచండి.

ఒపినెల్ సంగతి చెబుతానన్నాను. వానల్లో చెక్క ఉబ్బి అలుగును కరిచిపట్టుకుంటుంది. గోటితో లాగితే గోరు విరుగుతుంది, పటకారుతో లాగితే అలుగుకు గాట్లు పడతాయి. ఉంగరం వదులుచేసి, పిడి తోక వైపు బల్లమీద ఠప్‌మని కొట్టండి, మొన కాస్త బయటికొస్తుంది. ముందుజాగ్రత్తగా ఎండాకాలంలోనే పిడికి అవిసె నూనె పలచగా రెండు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య రెండు మూడు రోజులు ఆరనిచ్చి వేయండి. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు. అవిసె నూనె గాలికి ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతటదే అంటుకోగలదు. నీళ్లలో తడిపి, పరిచి ఆరేసి, ఆ తర్వాతే పారేయండి.

దసరాకు ఆయుధపూజ చేస్తే బొట్టు పిడికి పెట్టండి, అలుగుకు వద్దు. తడి పసుపు ముద్ద కింద రాత్రికి రాత్రే మచ్చ పడుతుంది, నిమ్మకాయ కోసిన చాకైతే మరీను. పూజ అయిన సాయంత్రమే తుడిచి నూనె రాయండి. అమ్మవారు ఏమీ అనుకోదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినట్టు బురదనీళ్లు బీరువాలోకి వస్తే, తొందరపడి చాకుల్ని తెరిచి మూయకండి. లోపల చేరిన ఇసుక ఇరుసును కోసేస్తుంది. ముందు మూసి ఉన్నట్టే కుళాయి ధార కింద పట్టి బురద పోనివ్వండి, తర్వాత తెరిచి మళ్లీ ధార, అప్పుడు సబ్బునీళ్లు. బిగిసిపోయినదానికి డబ్ల్యూడీ-40 కొట్టి ఒక రాత్రి వదలండి. అది తడిని తరిమేది, నెలల తరబడి కాపాడే నూనె కాదు. తుడిచేసి మళ్లీ కుట్టుమిషన్ నూనె వేయాలి.

గడప దాటేటప్పుడు

లైసెన్సు అక్కర్లేని చాకును ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చని అర్థం కాదు. చాకు ఎంతుంది, ఎలా తెరుచుకుంటుంది, ఏ చోట, ఏ పనిమీద ఉన్నారు, ఈ నాలుగూ కలిపి చూస్తారు. తోటపనికి వెళ్తూ సంచిలో ఒపినెల్ ఉంటే అది పనిముట్టు. అదే రాత్రి పదకొండింటికి నలుగురు గొడవపడే చోట మీ నడుముకు క్లిప్‌తో వేలాడుతుంటే దాని పేరు మారిపోతుంది. అందుకే చాకును నడుముకు కాదు, సంచిలో, మూసి, గుడ్డలో చుట్టి పెట్టండి. పని ఉన్నరోజే తీసుకెళ్లండి.

ఎన్నికలప్పుడు, ఉద్రిక్తత ఉన్నప్పుడు 144 సెక్షన్ పెట్టారని వింటుంటాం. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్ అయింది, జనం నోట్లో పాత అంకే ఉంది. అలాంటి ఉత్తర్వు ఒకసారి ఇస్తే రెండు నెలల దాకా ఉండొచ్చు. కర్రలు, కత్తులు, రాళ్లు పట్టుకు తిరగొద్దని అందులో సాధారణంగా ఉంటుంది. విజయవాడలో పోలీసు కమిషనర్, గుంటూరు వైపు జిల్లా అధికారులు ఇచ్చే ప్రకటనలు దినపత్రిక జిల్లా పేజీల్లో వస్తాయి, ఆ రోజుల్లో చాకు ఇంట్లోనే. పోలింగ్ కేంద్రం చుట్టుపక్కలికి ఆయుధంతో వెళ్లడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారమే నేరం. ఓటేయడానికి వెళ్తూ తాళాల గుత్తి చాకును కూడా తీసి ఇంట్లో పెట్టండి.

ఇంద్రకీలాద్రి క్యూలైను, కోర్టు, వెలగపూడి సచివాలయం, మాల్, సినిమాహాలు: సంచి చూసే ప్రతిచోటా ఇదే పద్ధతి. విమానంలో చేతిసంచిలో ఏ చాకూ కుదరదు, 58 మిల్లీమీటర్ల బుల్లిది కూడా. గన్నవరం బయల్దేరేముందే తాళాల గుత్తి ఒకసారి తడుముకోండి, స్కానరు దగ్గర దొరికితే అక్కడే వదిలిపెట్టి రావాలి. పెద్ద సామానులో, మొన గుచ్చుకోకుండా అట్టముక్కలో చుట్టి వేయండి. అమెరికా నుంచి వచ్చే మీవాళ్లకూ ఇదే చెప్పండి, స్ప్రింగు చాకులు తేవొద్దని కూడా.

పుట్టినరోజు కేకును తల్వారుతో కోసి వీడియో పెట్టడం, చాకు తిప్పుతూ రీల్స్ చేయడం సేకరణ కాదు. అలాంటి వీడియోలే ఆధారంగా చాలా నగరాల్లో ఆయుధాల చట్టం కింద కేసులు పెట్టారు. ఫోటో తీయాలనుకుంటే గుడ్డ మీద పరిచి, పక్కన స్కేలు పెట్టి తీయండి. మీ జాబితాకూ పనికొస్తుంది: ఒక్కో చాకుకు వరస సంఖ్య, పేరు, అలుగు పొడవు, వెడల్పు, ఉక్కు, కొన్న తేదీ, కొట్టు, ధర, బిల్లు ఫోటో.

ఇంట్లో తాతలనాటి కత్తి ఉండి, కొలిస్తే గీత దాటితే దాన్ని చాకుల జాబితాలో దాచకండి. విజయవాడలో కమిషనరేట్, గుంటూరులో కలెక్టరేట్ ఆయుధ లైసెన్సుల విభాగంలో ముందు అడగండి. కత్తిని వెంట పట్టుకెళ్లి చూపించొద్దు, కొలతలు, ఫోటో చాలు.

దారిలో పోలీసులు ఆపి సంచి చూస్తామంటే, చెయ్యి సంచిలో పెట్టి చాకు బయటికి తీయకండి. ‘సార్, సంచిలో పక్క జేబులో మడత చాకు ఉంది, పనిమీద తీసుకెళ్తున్నా’ అని ముందే చెప్పి వాళ్లనే తీసుకోనివ్వండి. ఫోన్‌లో బిల్లు చూపించండి, ఏం పనో ఒక్క ముక్కలో చెప్పండి. చాకును స్వాధీనం చేసుకుంటే అక్కడ వాదించొద్దు, పంచనామా రాయమని అడగండి. కొత్త సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. పంచనామాలో ‘ఒక కత్తి’ అని మాత్రమే రాస్తే, సంతకం పెట్టేముందు అలుగు పొడవు, వెడల్పు, మడత చాకు అన్న మాట, బటన్ లేదన్న సంగతి చేర్చమనండి.